కూసున్నంత సేపు

హాయిల్‌లో ఉంటున్నానని చెప్పగానే మనవాళ్లు ముందు నవ్వుతారు. "పేరులోనే హాయి పెట్టుకున్న ఊరు, నీకేం తక్కువ!" అంటారు. పదిహేనేళ్లు దాటింది ఈ జోకు వినబట్టి. నేనూ ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వుతాను. సౌదీ అంటే మనవాళ్లకి తెలిసిన ఊళ్లు నాలుగే: రియాద్, జెద్దా, దమ్మామ్, మక్కా. హాయిల్ రియాద్‌కి వాయవ్యంగా దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరికి పడమట అజా కొండలు, ఆగ్నేయాన సల్మా కొండలు, ఉత్తరాన నఫూద్ ఎర్ర ఇసుక. చలికాలంలో తెల్లవారుజామున దుప్పట్లోంచి కాలు బయట పెట్టాలంటే ధైర్యం కావాలి. ఎడారిలో చలేమిటని మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

హాతిం తాయి పేరు వినే ఉంటారు. దానగుణానికి పేరుపడ్డ ఆ పాతకాలపు అరబ్బు కవి ఈ ప్రాంతం వాడే. ఇంటికొచ్చిన అతిథులకు పెట్టడానికి ఇంకేమీ లేక, ప్రాణంగా చూసుకునే గుర్రాన్నే కోసి వండిపెట్టాడట. తీరా చూస్తే వాళ్లు వచ్చింది ఆ గుర్రాన్ని అడగడానికేనట. అడిగినవాడికి లేదనని ఆ మనిషి ప్రాంతంలో కూర్చుని, నేను ఒక రాత్రంతా ఇంకొకరి డబ్బుతో పోకర్ ఆడాను. ఆ రాత్రి సంగతే ఇది.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. సౌదీలో జూదం నేరం. ఇస్లాంలో దాన్ని మైసిర్ అంటారు, హరాం. జూదం సైట్లు ఇక్కడ తెరుచుకోవు. అయితే పేకముక్కలంటేనే భయపడే దేశం కాదిది. సాయంత్రాలు ఊరి బయట ఇస్తిరాహాల్లో సౌదీలు చుట్టూ కూర్చుని గావా తాగుతూ బలూత్ ఆడతారు. 32 ముక్కలు, నలుగురు మనుషులు, ఇద్దరిద్దరు ఒక జట్టు. ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు, నవ్వుకుంటారు, లేచి నమాజుకి పోతారు. 2018లో రియాద్‌లో ప్రభుత్వ క్రీడల విభాగమే బలూత్ పోటీలు జరిపింది. పందెం లేకపోతే ఆట ఆటే. నేను ఆడిందాంట్లో పందెం ఉంది. నా జేబులోంచి పైసా పోలేదు గనక తప్పు లేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు అలా చెప్పుకోను.

మా ఊరు జగిత్యాల దగ్గర. మావైపు పేకాట అనేవాళ్లు తక్కువ, పత్తాలాట అంటారు. మా బాపు పత్తాలు ఆడేవాడు. ఏ చీకటి గదిలోనో కాదు, పట్టపగలు, రైస్‌మిల్లు వెనక రేకుల షెడ్డులో. పదమూడు ముక్కల రమ్మీ. ఎవరైనా ఏమైనా అంటే, "ఇది జూదం గాదు, సుప్రీం కోర్టే చెప్పింది" అనేవాడు. చిన్నప్పుడు అది బాపు కల్పించిన మాట అనుకునేవాడిని. పెద్దయ్యాక తెలిసింది, నిజమేనని. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. మూడు ముక్కలాట లాగా రమ్మీ కేవలం అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది కొట్టాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని. ఆ తీర్పు మా ఊరి షెడ్డు దాకా నడిచి వచ్చింది. ఆటలో జూదం ఉన్నట్టు రుజువైనా, నడిపేవాళ్లు దాని మీద లాభం తీసినా నేరం కావచ్చన్న మాట కూడా అదే తీర్పులో ఉంది. అది మాత్రం మధ్యదారిలోనే ఆగిపోయింది.

రమ్మీ తెలిసినవాళ్లకి డ్రాప్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ముక్కలు చూసుకుని బాగా లేవనిపిస్తే మొదట్లోనే పడేయొచ్చు, 20 పాయింట్లతో పోతుంది. మధ్యలో పడేస్తే 40. చివరిదాకా పట్టుకు కూర్చుని ఓడితే 80 దాకా పడతాయి. అంటే లేచిపోవడానికి ఆటలోనే ఒక తలుపు పెట్టారన్నమాట. బాపుకి నైపుణ్యం లేదని ఎవరూ అనలేరు. అవతలివాడు ఏ ముక్క పట్టాడో చూసి వాడి చేతిలో ఏముందో చెప్పేవాడు. కానీ ఆ తలుపు తీయడం మాత్రం చేతకాలేదు. చెరువు కింద మాకు రెండెకరాలుండేది. మొదటి ఎకరం ఆటలో పోయింది. రెండో ఎకరం, మొదటి ఎకరాన్ని రాబట్టే ఆటలో పోయింది.

అప్పుడు నేను కరీంనగర్‌లో బీకాం చదువుతున్నాను. జన్మలో పత్తాలు ముట్టనని అమ్మకి ఒట్టేశాను. ఆ ఒట్టు చాలా ఏళ్లు నిలబడింది.

2009లో ఏజెంటుకి 80,000 రూపాయలు కట్టి ఇక్కడికి వచ్చాను. నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెలకి 2,400 మిత్తికే పోయేది. మొదట మజ్రాలో పని, నెలకి 800 రియాళ్లు. గుండ్రంగా తిరిగే పెద్ద పెద్ద నీటి యంత్రాల కింద గోధుమ చేలు, బంగాళదుంప చేలు. చెరువు కింద పొలం పోగొట్టుకున్నవాడి కొడుకు, చెరువే లేని దేశంలో చేనుకి నీళ్లు పెట్టడానికి వచ్చాడు. అప్పు తీరేదాకా ఉండి పోదామనుకున్నాను. అప్పు తీరింది. రెండెకరాలు కొని పోదామనుకున్నాను. నేను రియాల్ రియాల్ కూడబెట్టేసరికి పొలం ధర నాకంటే వేగంగా పరుగెత్తింది. సరే, ఇల్లన్నా కట్టి పోదామనుకున్నాను. స్లాబు పడ్డాక డబ్బయిపోయింది. బీకాం పుణ్యమా అని ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపరు పని దొరికింది, జీతం 1,800 అయింది. "ఇంకొక్క ఏడాది" అనే మాట మా ఇంట్లో ఎన్నిసార్లు వినపడిందో లెక్కలేదు. వచ్చినప్పుడు నాలుగేళ్ల పిల్ల, నా బిడ్డ, ఆ మాట విని విని, ఫోన్లో నేను "ఇంకొక్క" అనగానే తనే "ఏడాది" అని పూర్తిచేసేది.

ఇక 2020. మార్చి నెలలో విమానాలు ఆగిపోయాయి. కర్ఫ్యూ వచ్చింది. మా కంపెనీలో సగం పని, సగం జీతం. రూములో మేమిద్దరం. నాతో ఉన్నతను కామారెడ్డి వైపు మనిషి, నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. నేను భాయ్ అంటాను, అతను అన్నా అంటాడు. ఊరికి పోదామన్నా దారి లేదు. వందే భారత్ విమానాలు మే నెలలో మొదలయ్యాయిగానీ, గర్భిణులకి, రోగులకి, ఉద్యోగం పోయినవాళ్లకి ముందు చోటివ్వాలి కదా. మా పేర్లు ఎక్కడో అడుగున.

ఆ రోజుల్లో మా డిగ్రీ క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపుకి ప్రాణం లేచొచ్చింది. మాలో సగం మంది ఎంసీఏ చేసి అమెరికా పోయినవాళ్లే. డల్లాస్‌లో ఒకడు, ఫ్రీమాంట్‌లో ఇద్దరు, మెల్‌బోర్న్‌లో ఒకడు, లండన్‌లో ఒకడు, హైదరాబాద్‌లో ఆరేడుగురు. ఇళ్లలో కూర్చుని అందరికీ విసుగు పుట్టి, డల్లాస్‌వాడు ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్ పెట్టాడు. ఫోన్ యాప్‌లో ఉత్త చిప్స్‌తో ఆట. లోపల డబ్బు ఉండదు. డబ్బంతా బయట, వాళ్లలో వాళ్లకి. మనిషికి 50 డాలర్లు, 18 మంది, మొత్తం 900. మొదటివాడికి 450, రెండోవాడికి 270, మూడోవాడికి 180.

50 డాలర్లంటే 187 రియాళ్ల 50 హలాలాలు. డాలరుకి మూడు ముప్పావు రియాళ్లనే లెక్క 1986 నుంచీ మారలేదు, కాబట్టి ఇక్కడ ఎవరైనా నోటితోనే చెప్పేస్తారు. ఆ డబ్బు నాకు నెల మెస్సు ఖర్చులో సగానికి పైన. నాకు కుదరదన్నాను. కారణం మాత్రం ఈ దేశంలో నేరమని చెప్పాను. నిజమే కానీ సగం నిజం.

"అరే, నీది నేను ఏస్త రా. గెలిస్తె నీకు, ఓడితె నాకు. అందరు కలిసి ఎన్నేండ్లయింది, ఊకె కూసోకు రా" అన్నాడు డల్లాస్‌వాడు. కరీంనగర్ హాస్టల్లో ఒకే కంచంలో తిన్నవాళ్లం. వాడికి చిన్నచూపు లేదు, నాకు తెలుసు. అయినా ఆ మాట గొంతులో చిన్న ముల్లులా దిగింది. దిగినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఆ వారమే మా బిడ్డ ఫోన్ అడిగింది. పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగి ఉన్నాయి. ఇక చదువంతా ఫోన్లోనేనట. మూడో బహుమతి 180 డాలర్లంటే 675 రియాళ్లు, మన డబ్బులో 13,000 పైన. సరిగ్గా ఒక ఫోను. మొదటి రెండు బహుమతుల మీద నాకు ఆశ లేదని ప్రమాణంగా చెబుతున్నాను. మూడోది చాలనుకున్నాను.

వారం రోజులు పోకర్ నేర్చుకున్నాను. ప్రతివాళ్లకీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటి. మొత్తం ఏడింటిలో మేలైన ఐదు ఎవరికి కుదిరితే వాళ్లది గెలుపు. ముక్కలు తెరిచిన ప్రతిసారీ పందెం. పడేయొచ్చు, ఎదుటివాడు వేసినంత వేయొచ్చు, పెంచొచ్చు. మూడు ముక్కలాట తెలిసినవాళ్లు ఒక్కచోట పొరబడతారు. మన ఆటలో కలర్ కంటే సీక్వెన్స్ పెద్దది, ఇందులో తలకిందులు. రెండు ఆసులు చేతికి రావడం సగటున 221 సార్లకి ఒకసారట. ఇన్ని లెక్కలు నేర్చుకుంటుంటే, బాపు ఉంటే ఈ ఆటని ఒక్క పూటలో పట్టేసేవాడనిపించింది. ఆయన 2014లో పోయాడు. టికెట్ దొరికి నేను ఇల్లు చేరేసరికి పన్నెండో రోజు.

గ్రూపులో ఒకడు క్రిస్ మనీమేకర్ కథ పెట్టాడు. అమెరికాలో టెన్నెసీకి చెందిన అకౌంటెంటు. ఇంటిపేరు నిజంగానే మనీమేకర్. వంద డాలర్లలోపు ఆన్‌లైన్ పోటీతో మొదలుపెట్టి, 2003లో లాస్‌వేగాస్‌లో జరిగిన పోకర్ ప్రపంచ పోటీ అసలు ఈవెంట్‌లో సీటు సంపాదించి, 839 మందిలో మొదటివాడిగా నిలిచి 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ తర్వాతే ప్రపంచమంతా ఆన్‌లైన్ పోకర్ మీద పడింది. "నువ్వు గూడ అకౌంట్సోడివే గద రా!" అని కింద ఎవరో రాశారు. నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా ఊళ్లో మొదట దుబాయి పోయినవాళ్లలో ఒకతను బంగళా కట్టాడు, గేటుకి సింహాలు పెట్టాడు. ఆ సింహాలని చూసి ఎంతమంది ఏజెంట్లకి డబ్బు కట్టారో! మిగతావాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. వాళ్ల ఇళ్లకి గేట్లుండవు కాబట్టి కనపడవు. ఇదంతా ఆ రోజే తోచింది. తోచినా ఆడాను.

ఆట మే 23, శనివారం. డల్లాస్‌లో మధ్యాహ్నం రెండు, లండన్‌లో రాత్రి ఎనిమిది, ఇక్కడ పది, ఇంటి దగ్గర పన్నెండున్నర, మెల్‌బోర్న్‌లో తెల్లవారి ఐదు. ఇక్కడ ముప్ఫై ఉపవాసాలూ పూర్తయి, మర్నాడే ఈద్. ఆ రోజు నుంచే ఐదు రోజులు దేశమంతటా 24 గంటల కర్ఫ్యూ. ఎప్పుడూ ఈద్ ముందు రాత్రి హాయిల్ వీధుల్లో కార్ల హారన్లు తెల్లవార్లూ ఆగవు. ఆ రాత్రి పిల్లి నడిచినా వినపడేలా ఉంది.

భాయ్‌కి ముందే చెప్పాను. అతను ఒక్కసారే అన్నాడు. "గిది మైసిర్ అన్నా. మాకు హరాం."

"పైసలు నావి గావు భాయ్."

"పైసలు నీవి గాకపోతే, ఓడేదెవరన్నా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అతనూ జవాబు కోసం ఆగలేదు. పొద్దున్నే షీర్ ఖుర్మా చేయాలని ఖర్జూరాలు గింజ తీస్తూ కూర్చున్నాడు.

నా ఫోన్లో ఆట, అతని పాత ల్యాప్‌టాప్‌లో జూమ్. అవును, ల్యాప్‌టాప్ కూడా అతనిదే.

తొమ్మిదేసిమంది చొప్పున రెండు టేబుళ్లు. తలకి 5,000 చిప్స్. ప్రతి పదిహేను నిమిషాలకీ తప్పనిసరి పందెం పెరుగుతుంది, అంటే ఊరికే కూర్చున్నా చిప్స్ కరిగిపోతూనే ఉంటాయి. మొదటి గంట నేను ఆడిందే లేదు. వచ్చిన ముక్క వచ్చినట్టు పడేస్తూ పోయాను. ఆలోచించడానికి పదిహేను సెకన్లే ఇస్తారు, ఫోన్ టిక్కుటిక్కుమంటుంది. ఆ టిక్కుటిక్కులో అందరూ తొందరపడ్డారు. ఫ్రీమాంట్ వాళ్లిద్దరూ ఒకరిమీద ఒకరు పంతానికి పోయి ఇద్దరూ బయటికి పోయారు. లండన్‌వాడు అబద్ధం ఆడే ముందు మంచినీళ్లు తాగుతాడని జూమ్‌లో కనిపెట్టాను. అప్పుడు పెంచాను, వాడు పడేశాడు. నా ఒంట్లో ఏదో పాకింది. అవతలివాడి చేతిలో ముక్కలు కనపడినట్టుండటం అంటే ఏమిటో, బాపు ఆ రేకుల షెడ్డుకి ఎందుకు పోయేవాడో, మొదటిసారి నా ఒంటికి తెలిసింది. బాపు మీద ఇరవై ఏళ్లుగా ఉన్న కోపం ఆ క్షణాన కొంచెం కరిగిందంటే మీరు నమ్మాలి.

పన్నెండుంబావుకి నలుగురం మిగిలాం. డల్లాస్‌వాడి దగ్గర 38,000. నా దగ్గర 21,000. మెల్‌బోర్న్‌వాడి దగ్గర 19,000. హైదరాబాద్‌వాడి దగ్గర 12,000. ఇంకొక్కడు పోతే మిగతా ముగ్గురికీ డబ్బు. నేను ఏమీ చేయక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు, హైదరాబాద్‌వాడు ఎలాగూ పోయేలా ఉన్నాడు. ఫోను నా చేతికొచ్చేసినట్టే.

అప్పుడు నాకు రెండు రాణులు వచ్చాయి. ఇస్పేటు రాణి, ఆటీను రాణి. ఆ రాత్రి మొత్తానికి నాకు వచ్చిన పెద్ద ముక్కలు అవే. 3,000 వేశాను. డల్లాస్‌వాడు నాతో సమానంగా వేశాడు. మధ్యలో మూడు ముక్కలు తెరిచారు. కళావరు ఆసు, తొమ్మిది, నాలుగు. ఆసు చూడగానే గుండె జారింది. వాడి దగ్గర ఇంకో ఆసు ఉంటే నా రాణులు ఉత్త కాగితాలే. ఉందో లేదో చూద్దామని 4,000 వేశాను. వాడు ఆలోచించకుండా సమానం చేశాడు. నాలుగో ముక్క ఆరు. వాడు ఒక్కసారిగా 14,000 తోశాడు. నా దగ్గర మిగిలింది సరిగ్గా అంతే.

పదిహేను సెకన్లు. జూమ్‌లో వాడి మొహం చూశాను. ఇరవై ఏళ్ల కిందటి మొహమే. హాస్టల్లో వాడు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడేవి. ఇప్పుడు ఎర్రబడలేదు. వాడి దగ్గర ఆసు ఉంది. నాకు తెలుసు. మీకు ఇది స్పష్టంగా చెప్పాలి, నాకు అనుమానం కాదు, తెలుసు. పడేస్తే నా దగ్గర ఇంకా 14,000 ఉంటుంది, హైదరాబాద్‌వాడికంటే ఎక్కువ. మూడో బహుమతికి అదే దారి.

కానీ మధ్యలో నా 7,000 ఉంది. రెండు గంటలు గోళ్లు కొరుక్కుంటూ పోగుచేసిన 7,000. ఇంత వేశాక ఎలా పడేస్తాం? టిక్కుటిక్కులో నాకు వినపడిన మాట ఇదొక్కటే. వేలు దానంతటదే పోయి నొక్కింది.

వాడు ముక్కలు తిప్పాడు. ఆసు, పది. ఆఖరి ముక్క రాణి అయితే నేను బతుకుతాను, పేకలో మిగిలిన రాణులు రెండే. వచ్చింది డైమను మూడు. తెర మీద నా పేరు బూడిద రంగులోకి మారింది, పక్కన 4 అని అంకె. తర్వాత పది నిమిషాలకే హైదరాబాద్‌వాడూ పోయాడు. వాడికి 180 డాలర్లు వచ్చాయి. నేను ఆ ఒక్క చేయి పడేసి ఉంటే అవి నావి అయ్యేవేమో.

అందరూ "బాగ ఆడినవ్ రా" అన్నారు. డల్లాస్‌వాడు గెలిచాడు. గెలిచిన ఊపులో, "ఇంకో ఆట ఏద్దాం, ఈసారి 25 డాలర్లే. నీది మళ్ల నేనే ఏస్త, రికవర్ చేస్కో రా" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "వద్దు, ఈసారి నా పైసలే పెడత" అన్నాను. 93 రియాళ్ల 75 హలాలాలు. నోటిలోంచి మాట అంత తేలిగ్గా వచ్చింది. రెండు గంటల ముందు నేరమని చెప్పినవాడిని నేనే.

భాయ్ వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "గెలిచినవానే అన్నా?"

"లే భాయ్. పోయింది."

"అయిపోయిందా మరి?"

"అయిపోయింది."

"మరింక ఎందుకు కూసున్నవే?"

అతను ఎత్తిపొడవలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆట అయిపోయిన మనిషి తెర ముందు ఎందుకు కూర్చున్నాడని.

నాకు వెంటనే జవాబు తట్టింది. అది నాది కాదు, బాపుది. ఆయన చివరి రోజుల్లో, నేను సెలవుకి పోయినప్పుడు, ఒక సాయంత్రం ధైర్యం చేసి అడిగాను. "బాపూ, అంత తెలిసినోడివి, లేచి ఎందుకు రాకపోతివే?" బాపు చాలాసేపు చుట్ట తిప్పుతూ ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు. "లేస్తే పోయినట్టే గద బిడ్డా. కూసున్నంత సేపు ఇంకా పోలేదనిపిస్తది."

అప్పుడు ఆ మాట నాకు సాకులా వినపడింది. ఆ రాత్రి, ఆ వేడి ఫోను చేతిలో పట్టుకుని, దాని బరువు తెలిసింది. నాకు ఆ 7,000 చిప్స్ మాత్రమే కనపడలేదు. 80,000 రూపాయలు, నూటికి మూడు మిత్తి, చెరువు కింద రెండెకరాలు, స్లాబు పడి ఆగిన ఇల్లు, నాలుగేళ్ల నుంచి పదిహేనేళ్లకి నేను లేకుండా పెరిగిన పిల్ల, అన్నీ టేబుల్ మధ్యలో కుప్పగా కనపడ్డాయి. బాపు పోగొట్టినవి రాబట్టాలని నేను వచ్చాను. బాపు ఎక్కడ కూర్చున్నాడో నేనూ అక్కడే కూర్చున్నాను, షెడ్డు మారిందంతే. ఊరికి తిరిగిపోతే, ఇన్నేళ్లూ పోయినట్టు. ఇక్కడే ఉన్నంతసేపు, ఇంకా పోలేదనిపిస్తుంది.

పోకర్ బాగా తెలిసినవాళ్లు ఒక మాట చెబుతారు. మధ్యలో పడిన చిప్స్ ఎవరివీ కావు. నువ్వు వేసినవే అయినా సరే, వేసిన క్షణమే అవి నీ చేయి దాటిపోయాయి. ఇక చూడాల్సింది, ఇప్పుడు వేయబోయేదానికి ఎంత తిరిగొచ్చే దారి ఉంది అని మాత్రమే. బీకాంలో ఇదే సంగతి మాకు పాఠంలో చెప్పారు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

"నేను లేస్తున్న రా" అని జూమ్‌లో చెప్పాను. "అరే, అప్పుడేనా!" అన్నారు. పండగ పని ఉందని చెప్పి మూసేశాను. వంటగదిలోకి పోయి భాయ్ పక్కన కూర్చుని బాదంపప్పు తొక్క తీశాను. పొద్దున అతను రూములోనే ఈద్ నమాజు చేసుకున్నాడు, ఆ ఏడాది అందరూ ఇళ్లలోనే చేసుకున్నారు. ఇద్దరం షీర్ ఖుర్మా తాగాం. కిటికీలోంచి అజా కొండ మీద ఎండ పడుతుంటే చూశాం. రాత్రి సంగతి అతను మళ్లీ ఎత్తలేదు.

ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు మాట లేదు. తర్వాత, "అత్తమ్మకు చెప్పకు" అంది. అంతే. అమ్మకి వేసిన ఒట్టు గురించి ఆమెకి తెలుసు.

జూన్ 8న తెలంగాణ ప్రభుత్వం మిగిలిన పదో తరగతి పరీక్షలు రద్దుచేసి అందర్నీ పాస్ చేసింది. "డాడీ, ఆట ఆడకుండనే గెలిచిన" అని మా బిడ్డ నవ్వింది. ఫోను రెండు నెలల జీతాల్లోంచి కొద్దికొద్దిగా మిగిల్చి పంపాను. కొంచెం చిన్నది, కొంచెం ఆలస్యంగా.

ఆ రాత్రి నుంచి ఊరికి పరుగెత్తుకుపోయానని చెబితే కథ బాగుండేది. అలా జరగలేదు. నేను ఇంకా హాయిల్‌లోనే ఉన్నాను. ఆట లోంచి లేచినంత సులువు కాదు ఎడారిలోంచి లేవడం. కానీ ఒకటి మారింది. స్టోర్ లెక్కల పుస్తకంలో వెనక పేజీలో నాకో సొంత లెక్క ఉండేది, "ఇంకా ఎంత రావాలి" అని. దాని కింద గీత కొట్టేశాను. రెండెకరాలు పోయాయి. ఆ పదకొండేళ్లూ పోయాయి. అవి రావు. కొత్త పేజీలో, ఈ రోజు నుంచి ఇంకో ఏడాది ఉంటే ఏమొస్తుంది, ఏం పోతుంది అని మాత్రమే రాసుకున్నాను. ఆ లెక్కలో బిడ్డ చదువు పూర్తయ్యేదాకా ఉండటమే సరైనదని తేలింది. ఉన్నాను. ఉండటం అదే, కానీ ఇప్పుడు రాబట్టుకోవడానికి కూర్చోలేదు. ఎప్పుడు లేవాలో తెలిసి కూర్చున్నాను. బిడ్డ ఇంజనీరింగ్ చివరికొచ్చింది. ఆఖరి ఫీజు కట్టిన రోజున ఎగ్జిట్‌కి కాగితం పెడతానని కంపెనీకి చెప్పాను, ఇంట్లోనూ చెప్పాను. "ఇంకొక్క" అని నేను మొదలుపెడితే మా బిడ్డ ఇప్పుడు పూర్తిచేయదు, ఊరుకుని వింటుంది.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. బాపు ఉంటే ఏమనేవాడోనని ఆ వార్త చదివి నవ్వుకున్నాను. ఫోన్లో రెండెకరాలు పోగొట్టడానికి ఇప్పుడు రేకుల షెడ్డు కూడా అక్కర్లేదు కాబట్టి, చట్టం మంచిదేననుకుంటాను. కానీ ఆట మూయడం చట్టం పని. లేవడం మాత్రం ఎవరికి వాళ్లే నేర్చుకోవాలి.

డల్లాస్‌వాడు ఇప్పటికీ ఏడాదికోసారి టోర్నమెంట్ పెడతాడు. "నీ సీటు అట్లనే ఉంచిన రా" అని మెసేజ్ చేస్తాడు. ఆ రాత్రి నా కోసం వాడు వేసిన 50 డాలర్లు తిరిగిస్తానంటే వద్దన్నాడు. ఎగ్జిట్ మీద పోయేటప్పుడు వాడికి ఒక డబ్బా హాయిల్ ఖర్జూరాలు పంపాలని ఉంది. హాతిం తాయి ఊరి నుంచి ఉత్త చేతులతో పోకూడదు కదా.